మూడో స్తంభం దగ్గరి రగ్గు

జనవరి 9

సందేహాల పుట్టకి పిన్ని రాసేది,

నువ్వు చేరావని మీ ఆయన వచ్చి చెప్పాడు. "చేరింది" అని ఒక్క మాట చెప్పి, మంచినీళ్ళు కూడా తాక్కుండా వెళ్ళిపోయాడు. లిఫ్టులు తనిఖీ చేసే ఉద్యోగం కదా, తలుపు తెరుచుకుంటే చాలు బయటపడాలనిపిస్తుంది కాబోలు. నువ్వు ఫోన్ చేస్తానన్నావు గానీ వద్దు. ఈ చెవిమిషన్‌తో ఫోనెత్తితే నీ మాటలు సగం వినపడతాయి, మిగతా సగం నేనే కల్పించుకుంటాను. ఉత్తరమైతే ఆ గొడవ లేదు. ప్రెస్సులో ప్రూఫులు దిద్దీ దిద్దీ రిటైరైనదాన్ని, కాగితం మీద ఉన్నది ఉన్నట్టు చదువుతాను.

అసలు సంగతికి వస్తాను. మీ బాబాయిగారికీ నాకూ మాటల్లేవు. నేను 'గారు' తగిలించానంటేనే నీకు తెలిసిపోవాలి.

ఇదంతా నీ ప్రయాణం రోజున మొదలైంది. నీ పెట్టెలో రగ్గు సర్దుతూ, "ఆ ఊళ్ళో చలి నాకు తెలుసు, ఆ చర్చిలో మీ బాబాయి రగ్గు ఇవ్వకపోతే నేను బిగుసుకుపోయేదాన్ని" అన్నాను గుర్తుందా. నీకు ఆ కథ ముక్కలు ముక్కలుగా తెలుసు. నేను ఆ ఊరి ప్రెస్సులో కొత్తగా చేరిన ఏడాదే వరదొచ్చి ఏటిగట్టు తెగింది. పల్లపు వీధులు పల్లపు వీధులే మాయమైపోయాయి. మా హాస్టలు కూలిపోయింది. మిట్ట మీదున్న ఆ పాత చర్చి వాళ్ళు తలుపులు బార్లా తెరిచి, నువ్వెవరు, ఎక్కడ్నుంచి అని ఒక్క ముక్క అడక్కుండా అందర్నీ లోపలికి రానిచ్చారు. తడిబట్టలతో వెళ్ళి మూడో స్తంభం పక్క బెంచీ మీద కూలబడ్డాను. అలాగే నిద్ర పట్టేసింది. తెల్లారి లేచి చూస్తే ఒంటి మీద రగ్గు. సగం నా మీద, సగం పక్కనున్న బక్కపల్చటి మనిషి మీద. "థాంక్సండీ" అన్నాను. "అయ్యో, నేను కదండీ చెప్పాలి" అన్నాడు ఆ మనిషి. ఉన్న ఒక్క రగ్గులో సగం ముక్కూమొహం తెలియని దానికి కప్పి, పైగా తనే థాంక్స్ చెప్పాలంటాడే, ఇలాంటివాణ్ణి మళ్ళీ ఎక్కడ వెతుక్కుంటానని చేసుకున్నాను.

నువ్వు బండెక్కాక అన్నం తింటూ ఆయన తాపీగా అన్నారు కదా, "రగ్గు నేనెక్కడిచ్చాను? నువ్వే కదా నాకిచ్చింది. అందుకే కదా నిన్ను చేసుకుంది."

నేనివ్వలేదే. నా దగ్గర చేతిరుమాలు కూడా లేదు ఆ రోజున. ఆయనేమో, "నా కళ్ళజోడు వరదలో పోయింది, పక్కనున్నది మనిషో స్తంభమో కూడా తెలీలేదు, ఎవరని ఇస్తాను?" అంటారు. నేను స్తంభాన్నట. కళ్ళజోళ్ళ షాపులో ఇంతకాలం పనిచేసిన మనిషి అనాల్సిన మాటేనా ఇది.

నిజం చెప్పాలంటే నాకు ముందునుంచీ ఒక మూల అనుమానం ఉండేది. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఈ మనిషి నిద్రలో రగ్గంతా తన వైపుకి లాగేసుకుంటారు. ఇలాంటాయన అప్పుడెలా ఇచ్చాడా అనుకునేదాన్ని. పరాయివాళ్ళకైతే ఇస్తాడేమోలే అని సర్దుకున్నాను. ఇప్పుడు అసలు ఇవ్వనే లేదంటుంటే, ఇన్నాళ్ళూ నేను ఎవరితో కాపురం చేస్తున్నట్టు? ఆయన హాల్లో సోఫా మీద పడుకుంటున్నారు. కాళ్ళు బయటికి వేలాడుతున్నాయి. వేలాడనీ.

నువ్వు ఆ ఊళ్ళోనే ఉన్నావు. ఒక్కసారి ఆ చర్చికి వెళ్ళి, అప్పటివాళ్ళు ఎవరైనా ఉంటే అడిగి, ఆ రగ్గు ఎవరిచ్చారో తేల్చు.

మీ పిన్ని

జనవరి 19

పిన్నీ,

క్షేమం. యూనివర్సిటీ వాళ్ళు ఇచ్చిన గదికి ఒక కిటికీ, ఆ కిటికీకి ఎదురుగా వేరే బిల్డింగు మెట్లు. పొద్దున్నే ఎవరెవరు ఆఫీసుకి ఆలస్యంగా పరిగెడుతున్నారో నాకు తెలిసిపోతోంది. శిక్షణ సంగతి అడక్కు. కాలేజీలో పిల్లలకి తర్కం చెప్పేదాన్ని తెచ్చి నాలుగునెలలు వెనక బెంచీలో కూర్చోబెడితే, పాఠం చెప్పేవాళ్ళ మీద కన్నా నా మీద నాకే ఎక్కువ అనుమానాలు పుడుతున్నాయి.

ఆదివారం మధ్యాహ్నం చర్చికి వెళ్ళాను. మెట్లు మధ్యలో అరిగి గిన్నెల్లా గుంటలు పడ్డాయి. మిట్ట దిగువన గేటు పక్క రాయి మీద వరదనీళ్ళు ఎంతవరకు వచ్చాయో గీత గీశారు. అది నా తల కన్నా పైన ఉంది. లోపల గోడ మీద పోయినవాళ్ళ పేర్లున్నాయి. మీ హాస్టలు వాళ్ళవి ఉంటాయేమోనని చదవబోయి, నాకు వాళ్ళెవరూ తెలీదు కదా, తెలియని పేర్లు వెతకడం మర్యాదేనా అని ఆగిపోయాను.

తర్వాత మూడో స్తంభం. ఎటువైపు నుంచి మూడోది? గుమ్మం నుంచా, బలిపీఠం నుంచా? నువ్వు రాయలేదు. చాలాసేపు నిలబడి ఆలోచించి, తడిసి వచ్చిన మనిషి గుమ్మం నుంచే లెక్కపెడుతుందని తీర్మానించుకుని ఆ బెంచీ మీద కూర్చున్నాను.

కూర్చున్నానో లేదో నడుముకి పెద్ద తాళాలగుత్తి వేలాడేసుకున్న ముసలావిడ ఎక్కడ్నుంచో వచ్చి నా భుజాల చుట్టూ రగ్గు కప్పేసింది.

"నాకేం కాలేదండీ" అన్నాను.

"అవునమ్మా. మొదట అందరూ అదే అంటారు."

వెనకే ఒక పెద్దాయన వేడి సూపు తెచ్చి చేతిలో పెట్టాడు. అప్పుడు అర్థమైంది పిన్నీ. వరదనాటి నుంచీ ఇక్కడ ఒక పద్ధతి ఉందట. ఆ బెంచీ మీద ఎవరు కూర్చున్నా కప్పుతారు, తాగడానికి ఇస్తారు, ఏమీ అడగరు. అయినవాళ్ళని పోగొట్టుకుని వచ్చినవాళ్ళని ప్రశ్నలతో చంపకూడదని అప్పట్లో పెట్టుకున్న నియమం. చాలా గొప్ప నియమం. కాకపోతే ఏమీ అడగనివాళ్ళకి 'నేను అందుకు రాలేదు' అని చెప్పుకోవడం ఎలాగో నాకు తెలీలేదు. "వరదప్పుడు రగ్గులు ఎవరు పంచేవారండీ?" అని అడిగాను. తాళాలావిడ నా వీపు నిమిరి, "అవన్నీ తర్వాతమ్మా, ముందు తాగు" అంది. మళ్ళీ అడిగాను. ఇంకో కప్పు వచ్చింది.

ఆ సూపులో మిరియాలు ఎంత వేశారంటే ముక్కూ కళ్ళూ ఏకమయ్యాయి. కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ బయటపడ్డాను. తాళాలావిడ గుమ్మం దాకా వచ్చి సాగనంపింది.

ఇదంతా మా ఆయనకి రాయలేదు. నువ్వూ చెప్పకు. వచ్చే వారం మళ్ళీ వెళ్తాను.

నీ పుట్ట

జనవరి 27

అమ్మడూ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. పైకి రగ్గు, సూపు, మిరియాలు. కానీ ప్రూఫులు దిద్దినదాని కళ్ళు అచ్చయిన మాటల దగ్గర ఆగవు, వరుసల మధ్య జాగా కూడా చూస్తాయి. 'నాకేం కాలేదండీ' అన్నావు. ఏమీ కానివాళ్ళు ఆ మాట ఎందుకంటారు? 'కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ' అని నువ్వే రాశావు. 'మా ఆయనకి చెప్పకు' అని కూడా నువ్వే రాశావు. 'మళ్ళీ వెళ్తాను' అన్నావు. నా రగ్గు కోసం మనిషన్నవాళ్ళు ఎవరైనా రెండుసార్లు వెళ్తారా? ఇన్నాళ్ళూ దాచుకున్నావు. సరే. నేనుండగా నీకేం భయం లేదు.

నిన్న సాయంత్రం మీ ఇంటికి వెళ్ళాను. మీ ఆయన తలుపు తీశాడు. కూర్చోకుండానే అడిగాను, "దానికేం తక్కువ చేశావు నాయనా?" అని.

రెండంతస్తుల మధ్య ఆగిపోయిన లిఫ్టులా నిలబడిపోయాడు పాపం. "మిక్సీ జార్ పగలగొట్టాను పిన్నిగారూ" అన్నాడు.

"అది కాదు" అన్నాను.

"బాల్కనీలో మొక్కలు రెండు ఎండిపోయాయి."

"అదీ కాదు. ఇంకా లోపలికి వెళ్ళి ఆలోచించు."

ఆలోచించాడు. నీ పాఠాల నోట్సు ఒకటి ఊగుతున్న బీరువా కాలి కింద పెట్టాడట, నువ్వెప్పుడో నెలరోజులు వెతికావట. పెళ్ళి కొత్తలో నువ్వు చేసిన కూర బాగుందన్నది అబద్ధమట. నాలుగో సంగతి చెప్పబోతుంటే నేనే ఆపాను. మొత్తం నేను వింటే బాగుండదు. "ఇవన్నీ దానికే రాయి" అని చెప్పి వచ్చేశాను. కుర్రాడు మంచివాడే. కానీ నేనూ ఒకణ్ణి మంచివాడనుకునే చేసుకున్నాను కదా.

మీ బాబాయిగారు ఇంకా సోఫా మీదే. నాతో ఏదైనా చెప్పాలంటే ఫ్యానుతో చెప్తారు. "పంచదార అయిపోయింది" అని ఫ్యానుకి చెప్పారు ఇవాళ. ఫ్యాను తేలేదు.

నువ్వు ఏడవదల్చుకుంటే ఏడువు. సన్యాసం లాంటివి మాత్రం నాకు చెప్పకుండా పుచ్చుకోకు.

పిన్ని

ఫిబ్రవరి 6

పిన్నీ, ఈ కింది మూడు వాక్యాలు ఉన్నది ఉన్నట్టు చదువు. వరుసల మధ్య ఏమీ లేదు, వట్టి కాగితం.

నేను ఏడవలేదు. మిరియాల వల్ల కళ్ళ నీళ్ళు కారాయి. మా ఆయనకీ నాకూ ఏ గొడవా లేదు.

తనకి చెప్పొద్దన్నది నవ్వుతారని. ఇప్పుడేమైందో తెలుసా. మా ఆయన దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. నాలుగు పేజీలు. పెళ్ళయ్యాక నాకు తను రాసిన మొదటి ఉత్తరం ఇదే. మిక్సీ జారు నుంచి మొదలుపెట్టి, మా పెళ్ళిచూపుల్లో నా వైపు చూడకుండా గోడ వైపు చూసింది సిగ్గు వల్ల కాదు, గోడకి బీట ఉంటే అది ఎంత లోతో చూస్తున్నానన్న దాకా అంతా ఒప్పేసుకున్నారు. చివర్లో "ఇంకేమైనా ఉంటే చెప్పు, అదీ నేనే చేసి ఉంటాను" అని రాశారు.

వెంటనే 'నాకేం కాలేదు' అని జవాబు రాయబోయాను. రాస్తే రెండో ఉత్తరం రాస్తారా అన్న సందేహం వచ్చింది. అది అన్యాయమన్న సందేహమూ వచ్చింది. ఆ కాగితం బల్ల మీద అలాగే ఉంది.

చర్చి సంగతి. ఈసారి బెంచీ మీద కూర్చోకూడదని ఒట్టుపెట్టుకుని, స్తంభాలు లెక్కపెడుతూ బలిపీఠం వైపు నుంచి వచ్చాను. ఒక వరసకి అయిదే స్తంభాలు పిన్నీ. ఎటు నుంచి లెక్కపెట్టినా మూడోది అదే. తర్కం పాఠాలు చెప్పే మనిషికి ఈ సంగతి తెలియడానికి రెండోసారి రావాల్సి వచ్చింది.

అలా స్తంభాన్ని చేత్తో తడుముతూ నన్ను నేనే తిట్టుకుంటుంటే తాళాలావిడ చూసింది. దూరం నుంచి చూసేవాళ్ళకి ఎలా కనపడి ఉంటానో నువ్వే ఊహించుకో. నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి అదే బెంచీ మీద కూర్చోబెట్టింది. రగ్గు. సూపు పెద్దాయన "ఇవాళ గాలి బాగుంది" అన్నాడు. ప్రశ్నలు అడక్కూడదు కాబట్టి ఆయన అందరితో గాలి గురించే మాట్లాడతాడట. "గాలి బాగానే ఉందండీ, నాకు ఒక పాత రగ్గు గురించి తెలియాలి" అన్నాను. ఆయన కళ్ళు చెమర్చాయి. "రగ్గు జ్ఞాపకాలు పోవమ్మా" అని ఇంకో కప్పు తేవడానికి వెళ్ళాడు.

నేనిప్పుడు ఎవరినో పోగొట్టుకున్న మనిషిని. ఎవరినో వాళ్ళకీ తెలీదు, నాకూ తెలీదు.

బాబాయి కాళ్ళ కింద కనీసం ఒక స్టూలన్నా వెయ్యి.

పుట్ట

ఫిబ్రవరి 17

అమ్మడూ,

స్టూలు వేశాను. ఎవరు వేశారని ఫ్యానుని అడిగారు. ఫ్యానూ నేనూ చెప్పలేదు.

నీ మూడు వాక్యాలు చదివాను. నమ్మాననే అనుకో. మీ ఆయన మాత్రం రోజూ సాయంత్రం వచ్చి "ఏమైనా రాసిందా" అని అడుగుతున్నాడు. ఇదివరకు తలుపు దగ్గర నిలబడేవాడు, ఇప్పుడు కూర్చుంటున్నాడు కూడా. నిన్న నాతో ఏకధాటిగా మాట్లాడాడు. నువ్వు లేకపోతే ఇంట్లో గడియారం చప్పుడు ఎక్కువైందట. ఆ జవాబు ఇంకో వారం ఆపినా నష్టం లేదు.

ఇక్కడ మాత్రం పని చెడింది. మీ బాబాయిగారు తన మాట నిజమని రుజువు చెయ్యాలని పరీక్ష పెట్టారు. కళ్ళజోడు తీసేసి వరండాలోకి వచ్చి, నన్ను స్తంభం పక్కన నిలబడమని ఫ్యానుకి చెప్పి, ఏది మనిషో ఏది స్తంభమో తనకి తెలీదని చూపిస్తానన్నారు. తిన్నగా వెళ్ళి స్తంభం భుజం మీద చెయ్యేసి, "చూశావా, ఇదీ నా పరిస్థితి" అన్నారు. నాకు నవ్వొచ్చింది. నవ్వితే ఓడిపోయినట్టవుతుందని లోపలికి వచ్చేశాను. ఆయన ఇంకాసేపు స్తంభంతో మాట్లాడారు. ఏమన్నారో తెలుసా? "నువ్వు ఇవ్వలేదంటే, ఇన్నాళ్ళూ నేనెవర్ని చూసి మురిసిపోయినట్టు?" అన్నారు. మిషన్ చెవికే ఉంది, వినపడింది.

నా ప్రశ్నే ఆయనదీనూ. నేను మాత్రమే మోసపోయాననుకుంటున్నాను, అక్కడ ఆయన కూడా అదే కూర్చుని లెక్కేసుకుంటున్నారు.

నిన్న పెట్టె దించారు. షాపు వెనక గదిలో బల్ల ఉందట, సోఫా కన్నా నయమట, నెల తిరిగేసరికి అక్కడికి వెళ్ళిపోతారట. ఈ మాట కూడా ఫ్యానుకే చెప్పారు. చెప్పి, నేను వద్దంటానేమోనని కాసేపు అక్కడే నిలబడ్డారు. నేను అన్లేదు. నోటిదాకా వచ్చింది. అంటే, దేన్ని చూసుకుని ఉండమన్నట్టు? రగ్గు ఇచ్చిన మనిషిని ఉండమనగలను. ఇవ్వని మనిషి ఎవరో నాకు తెలీదు.

తొందరగా తేల్చు. తేలకపోతే ఆయన వెళ్ళిపోతారు. తేలితే ఏం తేలుతుందోనని నాకు అంతకన్నా భయంగా ఉంది.

పిన్ని

మార్చి 3

పిన్నీ,

తేలింది. రాయాలా వద్దా అని ఒకపూటంతా ఆలోచించాను. నువ్వు వరుసల మధ్య జాగాలో ఇంకేదో చదివేస్తావు కాబట్టి వరుసల్లోనే అంతా రాసేస్తున్నాను.

నిన్న వెళ్ళేసరికి నా బెంచీ ఖాళీగానే ఉంది. ఇప్పుడది నా బెంచీ, రగ్గు మడతపెట్టి సిద్ధంగా ఉంటుంది. రగ్గు కప్పుకుని, సూపు అందుకుని కూర్చున్న కాసేపటికి నా వయసావిడ ఒకామె లోపలికి వచ్చింది. చేతిలో టిఫిన్ బాక్సు, కాళ్ళకి చెరొక రకం చెప్పు. వచ్చి నా పక్కన కూర్చుంది. తాళాలావిడ ఎక్కడో దూరంగా ఉంది. నేను జరిగి, నా మీదున్న రగ్గు తీసి ఆమెకి కప్పి, సూపు కప్పు ఆమె చేతిలో పెట్టాను. ఏమీ అడగలేదు. అడగాలని కూడా అనిపించలేదు. నా విషయంలో అది ఎంత అరుదో నీకు తెలుసు. ఆమె ఆ టిఫిన్ బాక్సు ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చుని, కప్పు నాకిచ్చి వెళ్ళిపోయింది.

తాళాలావిడ వచ్చి నన్ను ఎగాదిగా చూసింది. "ఇంక నీకు నయమైనట్టే. కప్పించుకునేవాళ్ళు ఒకరికి కప్పారంటే ఇక మా మనుషుల కింద లెక్క. ఇప్పుడు అడుగు, ఏదో అడుగుతుంటావు కదా" అంది.

నేను ఊపిరి తీసుకోకుండా అడిగేశాను. వరద, మూడో స్తంభం, ప్రెస్సులో పనిచేసే అమ్మాయి, కళ్ళజోడు పోగొట్టుకున్న అబ్బాయి, రగ్గు.

ఆవిడ ముందు నవ్వింది. తాళాలు గలగలలాడేంత నవ్వింది. ఆవిడ మాటల్లోనే రాస్తాను.

"అప్పుడు నాకింకా పెళ్ళి కాలేదమ్మా. మిల్లు వాళ్ళు పంపిన రగ్గులు సగం మందికి కూడా చాల్లేదు. కుటుంబానికి ఒకటి అనుకున్నాం. తల్లీపిల్లలకి ఒకటి, మొగుడూపెళ్ళాలకి ఒకటి. ఒంటరివాళ్ళకి లేదు, వాళ్ళని పొయ్యి దగ్గరికి పొమ్మనేవాళ్ళం. ఈ బెంచీ మీద ఇద్దరు ఒకళ్ళ మీద ఒకళ్ళు వాలిపోయి నిద్రపోతున్నారు. మొగుడూపెళ్ళాలే అనుకున్నా. లేపి అడుగుదామంటే అడక్కూడదు కదా. కప్పేశా. పొద్దున్న చూస్తే ఒకళ్ళకొకళ్ళు థాంక్స్ చెప్పుకుంటున్నారు. మొగుడూపెళ్ళాలు రగ్గుకి థాంక్స్ చెప్పుకోవడమేమిటా అని నాకు విడ్డూరమనిపించింది, అందుకే గుర్తుంది. ఆ అబ్బాయైతే కళ్ళు చికిలించుకుని ముందు స్తంభానికి చెప్పాడు. తర్వాత ఇటు తిరిగి ఆ పిల్లకి చెప్పాడు."

ఇదీ పిన్నీ సంగతి. నువ్వూ ఇవ్వలేదు, బాబాయీ ఇవ్వలేదు. మీ ఇద్దరూ మొగుడూపెళ్ళాలనుకుని ఆవిడ కప్పింది. ఆవిడ అడిగి ఉంటే ఇద్దరూ ఒంటరివాళ్ళే అని తెలిసి, రగ్గు తీసి వేరేవాళ్ళకిచ్చేది.

"ఆ జంట ఏమైందో నీకు తెలుసా?" అంది. వరదనాటి నుంచీ ఆ బెంచీ దగ్గర ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న అదేనట.

"పెళ్ళి చేసుకున్నారండీ."

"అంటే అప్పటికింకా కాలేదా?" అని నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "అయితే తప్పు మనుషులకిచ్చానన్నమాట. ఇదిగో విన్నావా" అని సూపు పెద్దాయన్ని పిలిచి చెప్పింది. ఆయన గాలి సంగతి మర్చిపోయి పగలబడి నవ్వాడు.

నేను నవ్వలేకపోయాను. నిజం తేల్చమన్నావు, తేల్చాను. అది నీకు పనికొచ్చే నిజమో కాదో మాత్రం నాకు తెలీడం లేదు.

పుట్ట

మార్చి 11

అమ్మడూ,

ఉత్తరం అందింది. చదివాను. తప్పులు లేవు.

పిన్ని

మార్చి 18

పిన్నీ,

ఇంత చిన్న ఉత్తరం నీ చేతి నుంచి రాగా నేనెప్పుడూ చూడలేదు. 'తప్పులు లేవు' అంటే ఏమిటి? నేను రాసినదాంట్లోనా, మీ ఇద్దరిలోనా? వరుసల మధ్య చదవడం నాకు రాదు. నేర్చుకోవాల్సింది.

నేను చెప్పకుండా ఉండాల్సిందా? బాబాయే ఇచ్చాడని ఆవిడ చెప్పిందని రాసి ఉంటే నీకు మనిషి దక్కేవాడు. బాబాయికేమో నువ్వే ఇచ్చావని వేరే ఉత్తరం రాసి ఉంటే ఆయనకీ దక్కేది. ఆ రెండు ఉత్తరాలూ మీరు ఎప్పుడో ఒకరోజు పక్కపక్కన పెట్టి చదువుతారు, నువ్వు తప్పు పట్టుకుంటావు. అందుకే రాయలేదు. అది నిజాయితీయో పిరికితనమో తెలీదు.

మా ఆయనకి చివరికి జవాబు రాశాను. మిక్సీ జారుకి క్షమించాను, కూర విషయం ఇంటికొచ్చాక చూస్తాను, ఇంకో ఉత్తరం రాయండి అని. రాశారు. ఈసారి తప్పులేవీ మిగల్లేదేమో, ఒక పేజీ నిండా లిఫ్టుల గురించి రాశారు. మధ్యలో ఎక్కడో నా గురించి కూడా ఉంది.

బాబాయి పెట్టె ఎక్కడుంది? ఆ ఒక్కటి రాయి చాలు.

పుట్ట

ఏప్రిల్ 4

సందేహాల పుట్టకి,

పెట్టె అటక మీదుంది. నువ్వు కంగారుపడకు. వరసగా చెప్తాను.

నీ ఉత్తరం చదివాక నాకు కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. ప్రెస్సులో ఒక పుస్తకం అచ్చయి అమ్ముడైపోయాక మొదటి పేజీలోనే తప్పుంటే ఎలా ఉంటుందో అలా ఉండిపోయాను. ఇంకేం దిద్దుతాను, పుస్తకం జనంలోకి వెళ్ళిపోయింది. ఆ ఉత్తరం పంచదార డబ్బా కింద పెట్టాను. ఆయన టీ పెట్టుకునేటప్పుడు కనపడాలని.

కనపడింది. వంటింట్లో నిలబడి చదివారు. చాలాసేపు పట్టింది. తర్వాత హాల్లోకి వచ్చి తల పైకెత్తి ఫ్యానుతో, "నేను ముందు స్తంభానికి చెప్పానట" అన్నారు.

నేను ఆపుకుందామనుకున్నాను గానీ నా వల్ల కాలేదు. నవ్వేశాను. ఆయనా నవ్వారు. నవ్వుతూనే ఫ్యాను మీంచి చూపు దించి నా వైపు చూశారు. "అయితే మనిద్దరం ఊరికే చేసుకున్నామన్నమాట" అన్నారు.

"ఊరికే" అన్నాను నేను.

మూడు నెలల తర్వాత మేం మాట్లాడుకున్న మొదటి మాటలు ఇవి. ఆ పూట ఇద్దరం కూర్చుని, ఆ రగ్గు పేరు చెప్పుకుని ఇన్నాళ్ళూ ఎంతెంత సర్దుకున్నామో లెక్క తీశాం. ఈయన అంత గొప్పవాడు కదా అని నేను ఎన్నోసార్లు నోరు మూసుకున్నాను. నా నోరు మూసుకోవడం ఇదా అని నీకు అనిపించొచ్చు. నేను మూసుకోకపోతే ఎలా ఉండేదో నీకు తెలీదు. ఆయనా అంతేనట, నా గొప్పతనానికి తగ్గట్టు ఉండాలని చాలా కష్టపడ్డారట. నిద్రలో మాత్రం కుదర్లేదట.

పెట్టె అటకెక్కించారు. కానీ సోఫా వదల్లేదు. అలవాటైందన్నారు. నేనూ రమ్మనలేదు. గొడవ లేదు గానీ, ఏదో కొత్తగా పరిచయమైనవాళ్ళలా ఉన్నాం. ఆయన కుర్చీ నాకు జరిపితే థాంక్స్ అంటున్నాను, నేను టీ ఇస్తే ఆయన థాంక్స్ అంటున్నారు. బాగుంది, కానీ ఇల్లులా లేదు.

అదలా ఉంచు. మొన్న మధ్యాహ్నం సంగతి చెప్తాను. ఇక్కడ ఎండలు ముదిరిపోయాయి. భోజనాలయ్యాక కరెంటు పోయింది. కిటికీ తెరిస్తే వేడిగాలి, మూస్తే ఉక్క. చెవిమిషన్ తీసేసి గదిలో మంచం మీద కళ్ళు మూసుకుని పడుకున్నాను. నిద్ర పట్టలేదు. అంతలో నేల అదిరినట్టయింది, అడుగులు. ఒక కన్ను ఇంత తెరిచి చూశాను. మీ బాబాయి. కళ్ళజోడు పెట్టుకుని ఉన్నారు. మధ్యాహ్నం పడుకునేటప్పుడు ఎప్పుడూ పెట్టుకోరు. మంచం దగ్గరికి వచ్చి, వంగి, నా మొహంలోకి పరీక్షగా చూశారు. ఈసారి మనిషేనని రూఢి చేసుకోవడానికి కాబోలు. నేను కన్ను మూసేసి, ఆయన అటు తిరిగాక మళ్ళీ కాస్త తెరిచాను.

బీరువా తెరిచి అందులోంచి ఆ మందపాటి రగ్గు తీశారు. చలికాలం అయ్యాక నాఫ్తలిన్ ఉండలు వేసి దాచింది. విప్పి, మెడ దగ్గర్నుంచి పాదాల దాకా నా మీద కప్పారు. అంచులు రెండువైపులా లోపలికి దోపారు కూడా. తర్వాత పక్కన ఉన్న కాస్త చోటులో, రగ్గు బయటే, గోడవైపు తిరిగి పడుకున్నారు.

ఆ ఎండలో ఆ రగ్గు కింద నా సంగతి ఏమని చెప్పను. మెడ మీంచి చెమట కారి చెవుల్లోకి పోయింది. నాఫ్తలిన్ వాసనకి తుమ్ము వస్తే ముక్కు బిగబట్టాను. లేచి థాంక్స్ చెబుదామా అనుకున్నాను. చెబితే "నేను కదా చెప్పాలి" అంటారేమో, మళ్ళీ అదొక నలభయ్యేళ్ళ గొడవవుతుందని చెప్పలేదు. కరెంటు వచ్చినా కదల్లేదు. ఆయన నిద్రలో చెయ్యి చాపి రగ్గు తన వైపుకి లాక్కోబోయి, సగంలో ఆగి, మళ్ళీ నా మీదికే తోసేశారు. అది నిద్రలో చేశారో మేలుకుని చేశారో మాత్రం నువ్వు నన్ను అడక్కు. నేనూ అడగలేదు.

ఆ తాళాలావిడకి చెప్పు, తప్పు మనుషులకేం ఇవ్వలేదని. ఇంకో మాట కూడా చెప్పు. ఈసారి కప్పింది ఆయనే. నేను చూశాను.

మీ పిన్ని